పిల్లలు అడిగినప్పుడు

(చదువవలసిన భాగములు: యెహోషువ 4:1–9, కీర్తనలు 78:1–8)

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటి, నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి నిలిపిరి. రాబోవు కాలమున పిల్లలు వాటినిగూర్చి అడుగవలెననియే ఆ యేర్పాటు. పిల్లలు అడుగుదురు. పెద్దలు ఏమి చెప్పవలెను?

1972వ సంవత్సరమును ఎరిగిన పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఆ అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రాజధాని ఉద్యోగములలో తమకు చోటుండదని కోస్తా విద్యార్థులు వీధులకెక్కిరి. జై ఆంధ్ర ఉద్యమము లేచెను. చదువులు నెలల తరబడి నిలిచెను. కాల్పులలో ప్రాణములు పోయెను. 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చెను. సెప్టెంబరు 21న ఆరు సూత్రముల పథకము ప్రకటింపబడెను. రాష్ట్రము మాత్రము అప్పుడు చీలలేదు.

నాటి విద్యార్థులు నేడు మచిలీపట్నము, గుడివాడ, దివిసీమలలో తాతలైరి. తాము వేసిన కేకలను, తాము తిన్న దెబ్బలను వారు చెప్పుదురు. బందు దినములలో కూలి లేక పస్తున్నవారి మాట రాదు. 1969లో తెలంగాణ విద్యార్థులు విడిపోవుదుమన్నప్పుడు మనలో అనేకులకు అది తప్పుగా తోచెననియు, మూడేండ్లకు మనమే దానిని కోరితిమనియు చెప్పము. 2009లోను 2013లోను మన పిల్లలు సమైక్యాంధ్ర కొరకు వీధులకెక్కినప్పుడు, తాతల కేక వేరని వారికెందరు చెప్పిరి? 2014 జూన్ 2న రాష్ట్రము రెండాయెను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ దాచక చెప్పుకొనును. గాలిని, సముద్రమును మనము రేపలేదు. మన చేయి కలిసిన సంగతిని చెప్పుటయే కష్టము.

నాటి యువకుల బాధ అబద్ధమని కాదు. చదువుకొన్నవాడు ఉద్యోగము ఆశించుట న్యాయమే. అయితే సగము చెప్పిన నిజము పొరుగువానిమీద అబద్ధసాక్ష్యమగును. హైదరాబాదు గన్‌పార్కులో 1969 మృతులకు స్తూపమున్నది. అక్కడి తల్లుల కన్నీరును, ఇక్కడి తల్లుల కన్నీరును దేవుడు వేరుగా లెక్కించునా?

78వ కీర్తన దేవుని కార్యములతోపాటు పితరుల మొండితనమును కూడ పిల్లలకు చెప్పుచున్నది. పితరులను అవమానించుటకు కాదు. పిల్లలు ఆ త్రోవన పోకుండుటకే.

కావున ప్రియులారా, ఈ నెలలో ఒక రాత్రి కుటుంబప్రార్థన ముగిసిన తరువాత మీ మనుమలను అడుగనీయుడి. మనకు తగిలిన గాయమును చెప్పుడి; మనవలన ఇతరులకు తగిలిన గాయమును కూడ చెప్పుడి.