ఎవరి పూచీ మీద?

బయోకెమిస్ట్రీ థీసిస్‌లో రెండో అధ్యాయం, అంటే పాత పరిశోధనల సమీక్ష, నా దగ్గరికి వస్తే ముందు క్రియలే చూస్తాను. "ఫలానావారు చూపారు" అంటే పూచీ వాళ్లది. "ఇది ఇలా ఉంటుంది" అంటే పూచీ రాసినవాళ్లది. స్టైల్ మాన్యువళ్లు చాలావరకు ఆ సంగతి ఎత్తవు. జరిగిన పనికి భూతకాలం, తేలిన విషయానికి వర్తమానం అని చెప్పి ఊరుకుంటాయి.

క్లాసులో నేను తెచ్చే ఉదాహరణ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. రంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఎక్కువ. మొదటి వాక్యం 1925తో అయిపోయింది, రెండోది మీరు ఇవాళ చేసినా అంతే. 1927లో ఆ ఇద్దరే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర సమ్మేళనం ఉందని పట్టుకున్నారు. అప్పటికి కండరాన్ని ముడిచేది లాక్టిక్ ఆమ్లమేనన్నది పెద్దల మాట. కండరాల మీద చేసిన పనికే హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ దక్కింది. 1930లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా కండరానికి అయోడోఅసిటేట్ పెట్టి చూశాడు. అయినా అది ముడుచుకుంది. హిల్ కొలిచిన వేడి, మయర్‌హాఫ్ కట్టిన ఆక్సిజన్ లెక్క నిలిచాయి. వాటి మీద నిలబెట్టిన కారణం కూలింది. రెండింటికీ భూతకాలమే! అందుకే కాలం ఒక్కటే చాలదు. "కొలిచారు" అనాలా, "అనుకున్నారు" అనాలా అన్నది కూడా తేల్చుకోవాలి.

పాణిని ఈ చిక్కును మరోవైపు నుంచి పట్టుకున్నాడు. గతానికి ఆయన పెట్టిన రూపాల్లో లిట్టు, చెప్పేవాడు కళ్లారా చూడని దానికి. కాత్యాయనుడు దానికో సవరణ చేర్చాడు: చూడకపోయినా లోకమంతటికీ తెలిసిందై, చూడాలనుకుంటే చూడగలిగేదైతే లఙ్ అనే మరో భూతకాల రూపం వాడాలి. యవనుడు సాకేతాన్ని ముట్టడించడం పతంజలి ఇచ్చిన ఉదాహరణ. కంసవధకు మాత్రం లిట్టే. ఎంత పాతదన్నది కాదు, ఎవరి కంటికి అందుతుందన్నదే లెక్క. ప్రయోగశాస్త్రమంతా ఆ "చూడాలనుకుంటే" అన్న షరతు మీదే నడుస్తుందని నాకనిపిస్తుంది.

ఫిలాసఫీ వాళ్లు హాయిగా "శంకరులు అంటారు" అని రాసుకుంటారు. పూర్వపక్షం వాళ్లకి ప్రతిసారీ కొత్తగా లేచి నిలబడుతుంది. లుండ్స్‌గార్డ్ వచ్చి కండరం చూపించే భయం లేదు. (కొంచెం అసూయతోనే అంటున్నాను.)

అసలు ఇబ్బంది వేరే ఉంది. లుండ్స్‌గార్డ్ ప్రయోగం నేనూ చేయలేదు. నా "ఉంటుంది"లు చాలావరకు ఇంకొకరి మాట మీద నిలబడ్డవే. ఆప్తవాక్యాన్ని విడి ప్రమాణంగా నైయాయికులు ఒప్పుకున్నారు, వైశేషికులు దాన్ని అనుమాన ప్రమాణంలోనే, అంటే హేతువును బట్టి తేల్చుకోవడంలోనే, కలిపేశారు. నేను వైశేషికుల పక్షం. పెద్దాయన చెప్పాడని కాదు, పద్ధతి రాసిపెట్టాడు, వేరే ల్యాబులు చేసి చూశాయి, కాబట్టి నమ్ముతాను. ఆ "కాబట్టి" లేనిచోట వర్తమానం రాయనివ్వను.

ఈ మధ్య ఒకమ్మాయి "లాక్టిక్ ఆమ్లం వల్ల కండరాలు అలసిపోతాయి" అని రాసింది. ఆ మాట మీద ఇప్పుడు గట్టి అభ్యంతరాలున్నాయి.

"ఎవరి పూచీ అమ్మా ఇది?"

"పుస్తకంలో ఉంది సార్."

మర్నాటికి "అలసిపోతాయని చాలాకాలం చెప్పారు" అని దిద్దుకొచ్చింది. మార్జిన్లో "ఎవరు? ఎప్పుడు?" అని రాసి తిరిగిచ్చాను.