మధుకరవృత్తి - లోకశాంతి

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన గురువులను పేర్కొనుచు మధుకరమును స్మరించెను. అది పుష్పమును నొప్పింపక మధువును గ్రహించును. అతిగా కూడబెట్టినచో ఆ కూడబెట్టిన దానితోనే నశించును.

1892లో తంజావూరున క్రైస్తవ కుటుంబమున జన్మించి, గాంధీమహాత్ముని అనుయాయియైన ఆర్థికశాస్త్రవేత్త జె.సి. కుమారప్ప, చెరసాలలో రచించి 1945లో వెలువరించిన గ్రంథమున ఈ తేనెటీగనే దృష్టాంతముగా గ్రహించెను. పూవునకు మేలొనర్చుచు జీవించుట మనుజునకును తగునని, ప్రత్యుపకారము కోరక పిల్లలను పోషించు తల్లిపక్షి వర్తనము అంతకంటె ఉత్తమమని వివరించెను. పరుల సొత్తును హరించు ఆర్థికవిధానమే యుద్ధమునకు బీజమని ఆయన నిశ్చయము. క్రీస్తు బోధయందలి విశ్వాసమే ఆయనకు ఈ దృష్టి నొసగెను. దైవము తండ్రియైనచో మానవులెల్లరు సోదరులే గదా! సోదరుని దోచి శాంతిని కోరుట ఎట్లు?

శ్రీవైష్ణవులకు ఇది క్రొత్త గాదు. సర్వము శ్రీమన్నారాయణుని సొత్తు. జీవుడు ఆయనకు శేషభూతుడు. తల్లిపక్షి చేయు సేవనే మన పెద్దలు కైంకర్యమనిరి. పరుల కన్నీటితో గడించిన ధాన్యము స్వామి నైవేద్యమునకు అర్హమగునా? నిత్యము శాంతిపాఠము పఠించు గృహస్థుడు, తన విస్తరిలోని అన్నము ఎవరిని నొప్పించి వచ్చెనో ముందుగా విచారింపవలెను. లోకశాంతి అచ్చటనే ఆరంభమగును.