జామీను కాదు, బాకీ

మా మామూ పోయాక ఆయన రేకుపెట్టె తెరిచాం. అందులో మూడు పతకాలు, డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితాలు, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఉత్తరాల కట్ట ఉన్నాయి. పతకాల అంచు మీద నంబరు, పేరు చెక్కి ఉన్నాయి. మూడింటి మీదా నంబరు ఒకటే. పేరు మాత్రం రెండు రకాలుగా ఉంది. డిశ్చార్జి పుస్తకంలో మూడో రకంగా ఉంది. నాలుగో పతకం ఒకటి ఉండాలి. అది లేదు. ఆ ఉత్తరాలన్నీ దాని గురించే.

మామూ పేరు ఇక్కడ రాయను. రాసినా ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. గుంటూరులో మస్తాన్ వలి దర్గా ఉంది, పెదకాకానిలో బాజీ బాబా దర్గా ఉంది. మా మిరప పల్లెల్లో, పత్తి పల్లెల్లో ఆ మొక్కుబడి పేర్లు ఇంటికొకటి ఉంటాయి. మావాళ్లే కాదు, మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్‌రావులు ఊరంతా ఉన్నారు. ఊళ్లో ఆ పేరుకు తప్పొప్పులు లేవు. ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు పిలిచారు, అన్నిటికీ మామూ పలికాడు. తప్పు ఇంగ్లీషు కాగితం మీద మొదలయింది. తెలుగులో షేక్ అని ఒక్క తీరుగా రాస్తాం. ఇంగ్లీషులో చివర హెచ్ ఉందో లేదో, 'ఏ' ముందో 'ఇ' ముందో, వలి 'వి'తోనో 'డబ్ల్యూ'తోనో. భర్తీ రోజున రాసుకున్న గుమాస్తా ఒక తీరుగా విన్నాడు. పతకాల జాబితా టైపు చేసినవాడు ఇంకో తీరుగా విన్నాడు. అందులో దురుద్దేశం ఉందని నేనను. కానీ మామూ బతుకంతా ఆ మూడు స్పెల్లింగుల మధ్య నడిచింది.

ఆ మూడు పతకాలు ఏమిటో చెప్పాలి. ఒకటి సంగ్రామ్ మెడల్, 1971 యుద్ధ కాలంలో సైన్యంలో ఉన్నవాళ్లకిచ్చారు. రెండోది స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిందని 1972లో కొలువులో ఉన్నవాళ్లకిచ్చింది. మూడోది తొమ్మిదేళ్ల సర్వీసుకు. మూడూ కొలువులో ఉన్నందుకు వచ్చినవే. ఆ యుద్ధరంగంలో నిలబడ్డవాళ్లకు వేరే ఉన్నాయి. తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్. మామూ పడమటి సరిహద్దులో మందుగుండు లారీ తోలాడు. సొంత యూనిట్ వెనక ఉండిపోతే ఆయన్ని ఇంకో యూనిట్‌కి సర్దుబాటు చేశారు. యుద్ధం అయ్యాక జాబితాలు యూనిట్ల వారీగా తయారయ్యాయి. అక్కడివాళ్లు ఈయన మావాడు కాదనుకున్నారు. ఇక్కడివాళ్లు ఈయన యుద్ధంలో మనతో లేడు కదా అనుకున్నారు. రెండు జాబితాల మధ్య మామూ జారిపోయాడు.

ఆయన పోయాక ఇంకో తప్పు బయటపడింది. సిపాయి పెళ్లి చేసుకుంటే భార్య పేరు యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరుగా ఎక్కాలి. కుటుంబ పింఛనుకు అదే ఆధారం. మామూ చెప్పి రాయించిన పేరు హుసేన్‌బీ. ఊళ్లో రేషన్‌కార్డు రాసినాయనకు మా ముమానీ హుసేనమ్మ. ఇద్దరూ ఒకరేనని రుజువు చెయ్యటానికి స్టాంపు కాగితం మీద అఫిడవిట్, గెజిటెడ్ అధికారి సంతకం, పేపర్లో ప్రకటన, ఊరి పెద్దల సాక్ష్యం కావాలన్నారు. ఒక ఆఫీసులో ఒకాయన, "మీవాళ్లతో ఇదే బాధండీ, ఎవరు ఎవరో తేలదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ముమానీకి మాట సరిగా వినబడలేదు. నాకు వినబడింది.

ఇక్కడ నా లౌకిక మిత్రులు ఆపుతారు. పేరు తప్పు పడటం ముస్లింకే జరుగుతుందా, ఇంటిపేరు ముందో వెనకో తెలియక మా తాత కూడా తిరిగాడు కదా అంటారు. నిజమే. మాజీ సైనికుల కాగితాల్లో పుట్టినతేదీ తప్పులు, భార్యల పేర్ల తప్పులు అన్ని కులాలవాళ్లకూ ఉన్నాయి. 2007 చట్టంతో సాయుధ బలగాల ట్రిబ్యునల్ పెట్టి, 2009 నుంచి నడిపిస్తున్నదీ సైనికుల సర్వీసు తగాదాలు అన్ని ఉన్నందుకే. పింఛన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక ఆధార్‌లో ఒక అక్షరం తేడా వచ్చినా ముసలివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. తప్పు అందరికీ సమానమే. తప్పు ఖరీదు మాత్రం సమానం కాదు. మస్తానయ్య పేరు తప్పు పడితే పింఛను ఆగుతుంది. మస్తాన్ వలి పేరు తప్పు పడితే, అసలు ఇతనెవరు అనే ప్రశ్న పుడుతుంది.

మామూ గురించి నన్ను చాలాకాలం తికమక పెట్టిన సంగతి ఒకటుంది. 1996 మార్చి 9న బెంగళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, ఇండియా పాకిస్తాన్ ఆడాయి. మన కల్లాల్లో మిరపకాయ ఆరే కాలం. మర్నాడు పొద్దున మేం తాలుకాయ ఏరుతుంటే పక్క కల్లం కుర్రాడొకడు, "ఏం సాయిబు మామా, రాత్రి ఎటువైపు కూర్చున్నావు?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. మామూ తల ఎత్తకుండా, "కాయవైపు కూర్చున్నారా. మంచు పడుతుందని పట్టాలు కప్పుకుంటా," అన్నాడు.

నాకు మండిపోయింది. ఇంటికొచ్చాక అడిగాను. "పెట్టెలో పతకాలున్నాయి కదా, తీసుకెళ్లి వాడి ముందు పెట్టొచ్చు కదా?" అన్నాను. మామూ, "వాడికెందుకు చూపించాలి బేటా? వాడు నాకేమన్నా ఇవ్వాలా?" అన్నాడు. అదే మనిషి ఆ వారంలోనే పశ్చిమీ స్టార్ కోసం ఇంకో అర్జీ రాయించుకోవటానికి నా దగ్గర కూర్చున్నాడు. ఉన్న పతకాలు ఎవరికీ చూపించడు, లేని పతకం కోసం ఊరుకోడు. ఇదేం తీరు అనుకున్నాను. అది అర్థం కావటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎందుకంటే నేనూ, నాలాంటి చదువుకున్న ముస్లింలూ సరిగ్గా తిరగేసి చేశాం. మమ్మల్ని అనుమానించిన ప్రతిసారీ జేబులోంచి అబ్దుల్ హమీద్‌ను తీశాం. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీద బిగించిన తుపాకితో పాటన్ ట్యాంకులను ఎదుర్కొని చనిపోయిన హవల్దారు, పరమవీర చక్ర. ఆయన చాలకపోతే 1948లో కాశ్మీర్‌లో చనిపోయిన బ్రిగేడియర్ ఉస్మాన్‌ను తీశాం. వ్యాసాల్లో, మీటింగుల్లో, టీకొట్టు వాదాల్లో ఈ ఇద్దరినీ ఎన్నిసార్లు నిలబెట్టామో లెక్కలేదు. హమీద్ గురించి రాసినవాళ్లు ఒక సంగతి చెబుతారు. ఆయన పతకానికి సిఫార్సు సెప్టెంబరు 9 సాయంత్రమే వెళ్లిపోయిందట. మర్నాడు, చనిపోయిన రోజున, ఆయన కొట్టిన ట్యాంకులు ఆ కాగితంలో లేవట. అంత పెద్ద పతకం వచ్చినవాడి రికార్డులోనూ బాకీ ఉంది. మేం ఎప్పుడైనా ఆ బాకీ గురించి అడిగామా? లేదు. మాకు హమీద్ మనిషిగా అక్కర్లేదు, హామీ కాగితంగా కావాలి.

ఆ హామీ చెల్లిందా? "1965లో ముస్లిం రెజిమెంటు యుద్ధం చెయ్యనంది" అనే అబద్ధం ఫోన్లలో తిరిగింది. స్వతంత్ర భారత సైన్యంలో ముస్లిం రెజిమెంటు అనేదే లేదు. ఆ యుద్ధంలోనే కదా హమీద్ చనిపోయింది. చివరికి 2020 అక్టోబరులో దాదాపు 120 మంది మాజీ సైనికులు ఈ అబద్ధాన్ని ఆపించమని రాష్ట్రపతికి లేఖ రాశారు. 2025లో హమీద్ సొంతూరు ధాముపూర్‌లో బడి గేటు మీద ఆయన పేరు పోయి, గోల అయ్యాక మళ్లీ వచ్చింది. పరమవీర చక్ర ఆయన పేరునే గేటు మీద నిలబెట్టలేకపోతే మాకు కాపలా ఏం కాస్తుంది?

అస్సాంలో మహమ్మద్ సనావుల్లా సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. 1987లో సైన్యంలో చేరి, 30 ఏళ్లు చేసి, 2017లో గౌరవ లెఫ్టినెంటుగా రిటైరయ్యాడు. తర్వాత అస్సాం బోర్డర్ పోలీసులో పనిచేశాడు. విదేశీయులను పట్టుకునే శాఖ అది. 2019 మేలో ఫారినర్స్ ట్రిబ్యునల్ ఆయన్నే విదేశీయుడంది, నిర్బంధ కేంద్రానికి పంపారు. జూన్‌లో గౌహతి హైకోర్టు బెయిలిచ్చాక బయటికొచ్చాడు. ఆయన మీద విచారణ కాగితంలో వృత్తి కూలీ అని ఉంది. ట్రిబ్యునల్ ముందుకొచ్చిన వాంగ్మూలంలో సైన్యంలో చేరిన ఏడు 1987 బదులు 1978 అని పడింది. అంటే పదకొండేళ్ల పిల్లవాడు సైన్యంలో చేరాడా అన్నారు. రెండంకెలు తారుమారైతే ఒక గుమాస్తా నాలిక కరుచుకోవాలి. ఇక్కడ ఒక మనిషి జైలుకెళ్లాడు. 30 ఏళ్ల సర్వీసు పుస్తకం ఆ రెండంకెల ముందు ఆగలేదు.

సనావుల్లా పేరు దేశమంతా మోగింది, ఆయన సిపాయి కాబట్టి. మేమూ "చూడండి, కార్గిల్ కాలపు సైనికుణ్ణి కూడా" అని రాశాం. ఆ 'కూడా' అనే మాట దగ్గర ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. అదే కేంద్రంలో ఉన్న నిజమైన కూలీ సంగతేమిటి? ఆయనకు పతకం లేదు. ఆయన్ని ఉంచొచ్చా? పౌరసత్వానికి మేం పతకాన్ని రుజువుగా చూపించిన ప్రతిసారీ, పతకం లేనివాడి పౌరసత్వాన్ని మేమే కొంచెం తగ్గించాం. మా దూదేకుల బాబాయిలు ఊరూరూ తిరిగి పత్తి ఏకారు. మా అమ్మీ కూలికెళ్లి కాయ కోసింది. వాళ్లు ఏ దేశానికి చెందినవాళ్లో చెప్పటానికి మామూ పెట్టె తెరవాలా?

అసలు మామూ కూడా దేశభక్తి పొంగి వెళ్లలేదు. పంట దెబ్బతిని, అప్పు మీద పడి వెళ్లాడు. కంభం వైపు బేస్తవారిపేట దగ్గర మల్లారెడ్డిపల్లె అని ముస్లింల ఊరొకటుంది. తరతరాలుగా అక్కడి కుర్రాళ్లు సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. మెట్ట పొలాల బతుకు తెలిసినవాళ్లకు కారణం వేరే చెప్పక్కర్లేదు. కూటి కోసం వెళ్లినంత మాత్రాన చేసిన పని తక్కువైపోదు. జీతానికి లారీ తోలినా గుండ్లు మీద పడ్డాయి కదా. ఆ లెక్క ఉన్నదున్నట్టు రాయాల్సిందే.

వేరే దేశాల్లో ఏం చేశారో చూద్దాం. రెండో ప్రపంచయుద్ధానికి అమెరికా ఇచ్చిన మెడల్ ఆఫ్ ఆనర్లలో ఒక్కటీ నల్లవాడికి రాలేదు. సైన్యమే చదువుకున్నవాళ్లతో పరిశోధన చేయించి, వర్ణవివక్ష వల్లనే అలా జరిగిందని ఒప్పుకొని, 1997 జనవరిలో ఏడుగురికి ఇచ్చింది. అప్పటికి బతికున్నది ఒక్కడే. యూదు, హిస్పానిక్ సైనికుల పాత రికార్డులు తిరిగి చూడమని తర్వాత చట్టం చేశారు. 2014లో 24 మందికి పతకాలిచ్చారు. బ్రిటిష్ సామ్రాజ్యం కోసం మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో లక్షకు పైగా మంది పేర్లు ఎక్కడా చెక్కలేదని, అది వివక్షేనని 2021లో కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంస్థ ఒప్పుకుంది. ఆ దేశాలు మంచివని నేను చెప్పటం లేదు. చనిపోయాక ఇచ్చిన పతకం ఎవరికి? కానీ ఒక్క సంగతి గమనించాలి. అక్కడ పెట్టె తెరిచింది రాజ్యం. తప్పు మాది, వెతికే పని మాది అంది.

మామూ తీరు నాకు అప్పుడు అర్థమైంది. గుంటూరు మిర్చి యార్డులో కాటా చీటీలో తేడా వస్తే రైతు ఏం చేస్తాడు? మళ్లీ తూకం వెయ్యమంటాడు. అది అడుక్కోవటం కాదు, తన బస్తా బరువు తనకు రావాలనటం. అదే రైతును అప్పు దగ్గర జామీను తెమ్మంటే తల వంచుతాడు. రికార్డు సరిచెయ్యమనటం బాకీ అడగటం. పతకం చూపించి నమ్మమనటం జామీను ఇవ్వటం. మామూ బాకీ వదల్లేదు, జామీను ఇవ్వలేదు. ఆయన చదివింది అయిదో తరగతి. నేను ఎమ్మే చదివి జామీను కాగితాలు మోసుకు తిరిగాను.

ముమానీ పేరు రెండేళ్ల తర్వాత సరయింది. పింఛను వచ్చింది. స్టార్ రాలేదు. కిందటేడు మళ్లీ ఒక అర్జీ రాద్దామని కూర్చున్నాను. నంబరు, యూనిట్, సర్దుబాటు చేసిన తేదీ, తోలిన బండి అన్నీ రాశాను. చివర అలవాటు కొద్దీ, "ముస్లిం అయి ఉండీ దేశం కోసం ప్రాణాలకు తెగించిన ఈ సైనికుడికి" అని రాసి ముమానీకి చదివి వినిపించాను. ఆమె కళ్లజోడు సర్దుకుని, "అయి ఉండీ అంటే ఏంది బేటా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ వాక్యం కొట్టేశాను. అర్జీ ఒక పేజీలో అయిపోయింది. మర్నాడు రిజిస్టర్ పోస్టులో పంపాం.