ఎక్కడ కాపురముండవలెను?

ధ్యానమునకు: ఆదికాండము 13వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 18:1–4



పూర్వము మన పల్లెలలో ఈ ప్రశ్న పుట్టుటకే చోటు లేకుండెను. పొలమున్నవాడు పొలము దగ్గరను, వలయున్నవాడు సముద్రము దగ్గరను, కూలివాడు పని దొరికిన చోటను కాపురముండిరి. చదువుకొన్న బిడ్డలు మదరాసుకో, హైదరాబాదుకో, బెంగుళూరుకో పోయిరి. ఉద్యోగము అక్కడనే యుండెను గదా! గాలి మంచిదా, నీరు మంచిదా అని విచారించి కాపురము పెట్టుట దొరలకే చెల్లెను. 1870 మొదలుకొని చాలకాలము మదరాసు ప్రభుత్వము వేసవి నెలలలో ఉదకమండలము కొండకు తరలిపోయి అక్కడనుండి పాలించెను. క్రింద నెల్లూరు రైతు వడగాడ్పులో వేగుచుండగా, అతని శిస్తును గూర్చిన కాగితములు చల్లని కొండమీద వ్రాయబడుచుండెను.

ఇప్పుడు కాలము మారినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి నిమిత్తము లాక్‌డౌను విధింపబడినప్పుడు కంప్యూటరు ఉద్యోగములు చేయు మన బిడ్డలు వేలకొలది ఇండ్లకు తిరిగివచ్చిరి. వేపచెట్టు క్రింద మంచము వేసికొని అమెరికా కంపెనీల పని చేయవచ్చునని అప్పుడు తెలిసినది. తరువాత అనేకులను కంపెనీలు తిరిగి పిలిచినను, కొందరికి ఎక్కడనుండియైనను పనిచేయు వీలు నిలిచియున్నది. అట్టివారు మమ్మును అడుగుచున్నారు: “అయ్యగారూ, పట్టణములో ఇరుకు గది, పొగ, రణగొణధ్వని. మైపాడు దగ్గరనో, కొత్తకోడూరు దగ్గరనో, పులికాటు సరస్సు ఒడ్డుననో ఒక ఇల్లు చూచుకొని, చెట్లమధ్య, పక్షులమధ్య బ్రతుకుచు పని చేసికొందుమా? ఇట్లు కోరుట తప్పా?”

ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి అవుననియో కాదనియో ఒక్క మాటలో చెప్పుట మంచిది కాదు.

మొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. అందమైన చోటును కోరుట పాపము కాదు. దేవుడు ఆదామునకు మొదట ఇచ్చిన కాపురము ఒక తోట. ఆ తోటలోని చెట్లు తినుటకు మాత్రమే గాక చూచుటకును ఇంపుగా నుండెనని ఆదికాండము రెండవ అధ్యాయము తెలుపుచున్నది. కడుపు నిండుటయే దేవుని ఉద్దేశమైనయెడల చూపునకు ఇంపు ఎందుకు? మన ప్రభువు సహితము నజరేతును విడిచి సముద్రపు ఒడ్డున నున్న కపెర్నహూములో నివసించెను. ప్రార్థనకు కొండ నెక్కెను. కాబట్టి సరుగుడు తోటల గాలిని, తెల్లవారుజామున నీటిమీద వ్రాలు పక్షులను ప్రేమించు యువకుని చూచి, “వీనికి లోకాశ పట్టినది” అని పెద్దలు తీర్పు తీర్చరాదు.

అయితే ఆ తోటలో ఆదామును ఉంచినది దానిని చూచి ఆనందించుటకే కాదు, సేద్యపరచి కాపాడుటకును. ఇంపును పనిని దేవుడు జతచేసెను. వాటిని విడదీయునప్పుడే చిక్కు పుట్టుచున్నది.

లోతును తలంచుకొనుడి. అబ్రాము పెద్దవాడైయుండియు ముందుగా కోరుకొనుమని చిన్నవానికి అవకాశమిచ్చెను. లోతు కన్నులెత్తి యొర్దాను మైదానమును చూచెను. నీరు సమృద్ధి, పచ్చిక సమృద్ధి, దేవుని తోటవలె నుండెను. లోతు చూపులో తప్పేమియు లేదు. అతడు చూచినది నిజమే. కాని అతడు అడుగని ప్రశ్న ఒకటి కలదు: అక్కడ ఎవరు కాపురమున్నారు? వారి బ్రతుకెట్టిది? వారికిని నాకును ఏమి సంబంధము? మన పల్లెలు సొదొమ కావు, ఆ పోలిక మేము చేయుట లేదు. పోలిక లోతు చూపులోనే యున్నది. నీటిని చూచెను, నేలను చూచెను, మనుష్యులను చూడలేదు.

మన తీరములో ఈ చూపు ఎట్లుండునో చెప్పెదము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పు తీరమున మరపడవల వేటకు 61 దినములు నిషేధము. ఆ దినములలో మన పాళెములకు వచ్చిన క్రొత్తవానికి ఒడ్డున వరుసగా నిలిపిన రంగురంగుల పడవలు, ఆరవేసిన వలలు, నిశ్శబ్దమైన ఇసుక కన్నులపండువుగా నుండును. అతడు ఫోటో తీసికొనును. ఆ పడవ యజమానికి అది సంపాదన లేని కాలము; ప్రభుత్వము ఇచ్చు భృతికొరకు కనిపెట్టి, బడులు తెరచువేళకు బిడ్డల పుస్తకములకు అప్పు వెదకు కాలము. దృశ్యము ఒక్కటే, ఒకరికి సౌందర్యము, ఒకరికి ఆకలి. క్రొత్తవాడు సౌందర్యమును చూచుట తప్పు కాదు. ఆకలిని ఎన్నటికిని చూడకుండుట తప్పు.

ఇక్కడ ఇంటినుండి పనిచేయువానికి ప్రత్యేకమైన శోధన ఒకటి కలదు. రైతు తాను నివసించు నేలకు కట్టుబడినవాడు. వాన తప్పినయెడల అతని గాదె ఖాళీ. జాలరి సముద్రమునకు కట్టుబడినవాడు. చిల్లర అంగడివాడు వీరిద్దరికిని కట్టుబడినవాడు. కంప్యూటరు ఉద్యోగి జీతము మాత్రము దూరమునుండి వచ్చును. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయి, రహదారిపై రాకపోకలు నిలిచిపోయినప్పుడు ఎన్ని పొలములు ఇసుకమేట వేసినవో మీకు తెలియును. అట్టి నెలలో సహితము దూరపు జీతము మొదటి తేదీన బ్యాంకులో పడును. ఊరు నష్టపడినను తాను నష్టపడడు. ఇది ఒక ఆశీర్వాదమే. కాని మెల్లమెల్లగా మనుష్యుని ఊరికి అతిథిగా, చివరకు ప్రేక్షకునిగా చేయగల ఆశీర్వాదము.

మరియు ఈ స్వాతంత్ర్యము మనము తలంచునంత గట్టిది కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా నెల్లూరు రొయ్యల రైతుల గుండె జారెను. ఆ దేశపు కంపెనీలకు పనిచేయు మన యువకుని జీతమును ఆ దేశపు సంచిలోనుండియే వచ్చుచున్నది గదా! ప్రక్కప్రక్కనే నివసించు వీరిద్దరు ఒకే తలుపు దగ్గర నిలిచియున్నారు. ఒకరి కష్టము ఒకరికి తెలియకుండుట వింత.

నేలను చూచి మనుష్యులను చూడని చూపు ఏమి చేయునో మన తీరము ఇదివరకే అనుభవించినది. 1990 ప్రాంతములలో రొయ్యల సాగు వేగముగా వ్యాపించెను. దూరపు పెట్టుబడిదారులు వచ్చిరి. మనవారును లాభము చూచి పొలములు గుంటలుగా త్రవ్విరి. ఉప్పునీరు ప్రక్క చేలలోనికిని త్రాగునీటి బావులలోనికిని దిగుచున్నదని తీరగ్రామముల వారు మొరపెట్టిరి. 1994 తరువాత తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు గుంటలుగా రొయ్యలు చచ్చెను. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు సముద్రతీర పరిధిలోని రొయ్యల సాగునుగూర్చి కఠినమైన తీర్పు నిచ్చెను. పెట్టుబడి తెచ్చినవాడు నష్టపడి వేరొక చోటికి పోగలడు. బావి మాత్రము పోలేదు, ఆ బావి నీళ్ళు త్రాగు తల్లులును పోలేదు.

అయితే మంచి మాదిరి లేదా? కలదు. అకుల, ప్రిస్కిల్ల అను దంపతులను చూడుడి. వారి వృత్తి డేరాలు కుట్టుట. కత్తి, సూది మూటగట్టుకొని ఏ పట్టణమునకైనను పోగల పని అది. రోమా విడువవలసివచ్చినప్పుడు కొరింథులోను, పిమ్మట ఎఫెసులోను కాపురముండిరి. వారి పని ఎక్కడికైనను పోగలదు. కాని వారు పోయిన ప్రతిచోటను వారి ఇల్లు ఇతరులకు తెరవబడెను. కొరింథులో పౌలునకు పనియు వసతియు ఆ ఇంటనే దొరకెను. తరువాత వారి ఇంట సంఘము కూడుకొనెను. పని వెంట వచ్చినది. ప్రేమ ఆ చోటనే నాటబడినది.

మన జిల్లాలోనే మరియొక మాదిరి కలదు. ఇందుకూరుపేట దగ్గర పల్లిపాడులో, పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్ 7న గాంధీగారు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు మొదలైనవారు దానిని నడిపిరి. పొణకా కనకమ్మగారు తోడ్పడిరి. వారు మన మతస్థులు కారు. అయినను నది గాలి పీల్చుచు ఊరక కూర్చుండక రాట్నము వడికిరి, అంటరానివారని త్రోసివేయబడిన వారి మేలుకొరకు పాటుపడిరి. అందమైన చోటు వారికి విశ్రాంతి స్థలము కాక సేవకు గుమ్మమాయెను.

మనుష్యులు చాలనియెడల పక్షులను అడుగుడి. దొరవారిసత్రము దగ్గర నేలపట్టు అను చిన్న గ్రామము కలదు. 1976లో అది పక్షుల సంరక్షణ కేంద్రమాయెను. 2022లో ఆ ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినను నెల్లూరువారికది పొరుగు ఊరే. వానకాలము వచ్చినప్పుడు గూడబాతులు ఆ చెరువులోని చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. అవి మేతకొరకు సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న పులికాటు సరస్సుకు ఎగిరిపోవును. చూచితిరా, వాటికిని జీతము ఒకచోట, కాపురము మరియొకచోట! అయినను నేలపట్టు రైతులు వాటిని తరతరములుగా కాపాడుచున్నారు. ఏలయనగా ఆ పక్షుల రెట్ట పడిన చెరువునీరు తమ చేలకు ఎరువగునని వారి అనుభవము. దూరమున మేసివచ్చిన పక్షి తాను నిదురించు ఊరి నేలను బలపరచుచున్నది. మన చదువరి బిడ్డలు నేర్వవలసిన పాఠము ఇదే.

“మేము అద్దె సక్రమముగా ఇచ్చుచున్నాము, ఎవరికిని కీడు చేయుట లేదు, ఇంకను ఏమి ఋణపడియున్నాము?” అని ఒకడు అడుగవచ్చును. న్యాయస్థానములో ఆ మాట చెల్లును. యెరికో త్రోవను పోయిన యాజకుడును లేవీయుడును సహితము ఎవరిని కొట్టలేదు, ఎవరిని దోచుకొనలేదు. ప్రభువు వారిని పొరుగువారని ఒప్పుకొనలేదు. ఆ సమరయుడైతే ఆ చోట కాపురమున్నవాడు కూడ కాదు, బాటసారి. బాటసారికే అంత బాధ్యత యున్నయెడల ఇల్లు తీసికొన్నవానికి ఎంత యుండవలెను?

అట్లని జాలరివలె నటింపుమని మేము చెప్పుట లేదు. లుంగీ కట్టుకొని వల లాగినంత మాత్రమున ఎవడును పొరుగువాడు కాడు. గ్రామసభకు పొమ్ము. పంచాయతీ కొళాయి ఎందుకు రాలేదో అందరితో కూడ అడుగుము. సాయంకాలము నీ కంప్యూటరు మూసిన తరువాత పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుము. నీ బోరుబావి ఎంత లోతు త్రవ్వుచున్నావో, దానివలన ప్రక్కవాని బావి ఎండునో లేదో విచారించుము. ఒడ్డుకు పోవు దారికి అడ్డముగా గోడ కట్టకుము.

అన్నిటికంటె పెద్ద పరీక్ష తుఫాను రాత్రి వచ్చును. 1984 నవంబరు తుఫానును మన పెద్దలు మరువలేదు. 2004 డిసెంబరు 26 సునామీ ఉదయమును మనలో అనేకులు కన్నులార చూచిరి. హెచ్చరిక వచ్చినప్పుడు సొంత కారున్నవాడు ఒక గంటలో నెల్లూరు చేరగలడు. ఆ కారులో ప్రక్కింటి ముసలమ్మకు చోటున్నదా? చూలాలికి చోటున్నదా? ఆ రాత్రి అతడు ఆ ఊరివాడో, ఆ ఊరి అందమును అద్దెకు తీసికొన్నవాడో తేలిపోవును.

ఊరిలో పుట్టి పెరిగినవారితో కూడ ఒక మాట. తిరిగివచ్చిన బిడ్డను చూచి, “ఉద్యోగము పోయినట్లున్నది” అని గుసగుసలాడకుడి. పల్లెలో నుండుట ఓటమి అని మనమే నేర్పినయెడల పల్లెను ఎవరు ప్రేమింతురు? క్రొత్తగా వచ్చినవాని యొద్ద కూరగాయలకు రెండింతలు ధర అడుగకుడి. ఎక్కువ ధర వచ్చునని పూర్వులనుండి వచ్చిన నేలను తొందరపడి అమ్ముకొనకుడి. అబ్రాము కోరుకొనుటకు అవకాశమిచ్చెను గాని, దేవుడు వాగ్దానము చేసిన దేశమును విడువలేదు.

బబులోను చెరకు పోయిన జనులకు యిర్మీయా వ్రాసిన ఉత్తరమును (29వ అధ్యాయము) ఈ నెలలో కుటుంబ ప్రార్థనలో చదువుడి. ఇండ్లు కట్టుకొనుటకును తోటలు నాటుకొనుటకును వారికి సెలవిచ్చి, ఆ పట్టణపు క్షేమమును కూడ వెదకుమని ప్రవక్త చెప్పెను. వారి క్షేమమును దానితోనే ముడివేసెను. కాబట్టి సముద్రపు ఒడ్డున ఇల్లు చూచుకొను యువకుడా, సహోదరీ, నిశ్చింతగా చూచుకొనుము. కన్నులెత్తి నీటిని చూడుము, చెట్లను చూడుము. తరువాత కన్నులు కొంచెము దించి, ఆ నీటి ఒడ్డున నిలిచియున్న మనుష్యుని చూడుము. అతని మేలు నీ మేలని ఒప్పుకొనగలిగినయెడల అచ్చటనే కాపురముండుము.

ప్రభువు మన ఇండ్లను, మన పొరుగువారి ఇండ్లను కాపాడును గాక. ఆమేన్.