యాత్రాంతమున విడువవలసినది

ఆఱు వారముల ఐరోపా యాత్ర ముగియుటకు ఒక్క రాత్రి మిగిలియుండెను. జర్మనీలో చదువుకొనుచున్న మా మేనల్లుని గదిలో నేను పెట్టె సర్దుకొనుచుండగా మా తల్లి ఇంటినుండి ఫోనులో పలుకరించెను. బంధుమిత్రులందఱును అంతకుముందే "ఏమి తెచ్చుచున్నావు?" అని యడిగియుండిరి. ఆమె మాత్రము వేఱొక ప్రశ్న వేసెను. "అంత దూరం పోయావు కదా నాయనా, ఏం విడిచి వస్తున్నావు?"

ఈ ప్రశ్న మన యిండ్లలో క్రొత్తది కాదు. కాశికి పోయినవారు తమకు ప్రియమైన కాయనో పండునో అచ్చట విడిచివచ్చుట పెద్దల ఆచారము. ఇరువదియేండ్ల క్రిందట మా తల్లి గంగయొడ్డున వంకాయను విడిచెను. గుత్తివంకాయ కూరయన్న ఆమెకెంత ప్రీతియో యిల్లంతయు నెఱుగును. మా తండ్రి అదే దినమున, అదే రేవులో, కాకరకాయను విడిచెను. కాకరకాయను ఆయన అంతకుముందు ఎన్నడును ముట్టియెఱుగడు. యాత్ర యొక్కటియే, గంగ యొక్కటియే. త్యాగములు మాత్రము రెండు విధములు. యాత్రికుడు తిరిగివచ్చునప్పుడు తనకు ప్రియమైనదానిని విడుచుచున్నాడా, లేక తనకక్కఱలేనిదానిని విడిచి పుణ్యము లెక్కవ్రాసికొనుచున్నాడా యనునదే యాత్రకు పరీక్ష యని నాకు నాటి రాత్రి తోచినది.

మఱి నాకు ప్రియమైనదేది? ఆలోచింపగా నా నాలుకకు మిక్కిలి యిష్టమైనది తినుబండారము కాదనియు, ఒక వాక్యమనియు తేలినది. ఆ వాక్యము "మనవాళ్ళింతే" యనునది.

ఇరువది సంవత్సరములుగా నేనీ వాక్యమును తాంబూలమువలె నమలుచున్నాను. వీధిలో ఎవడేని ఉమ్మివేసిన మనవాళ్ళింతే. కచ్చేరిలో కాగితము కదలకున్న మనవాళ్ళింతే. పెండ్లివారు ఎంగిలి విస్తళ్ళను కాలువలో పారవేసిన మనవాళ్ళింతే. దానిని పలికినప్పుడెల్ల నాకొక సుఖము కలుగుచుండెను. ఏలయన, ఆ మాట పలుకువాడు తన్ను మాత్రము ఆ "మనవాళ్ళ"లో లెక్కించుకొనడు.

ఒకప్పుడు మా పాఠశాలలో త్రాగునీటి కుళాయి చెడి నీరు వృథాగా కారుచుండెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, వాషరు మారిస్తే సరిపోతుంది. నేను తెచ్చి వేయనా?" అని యడిగెను. నేను చదువుచున్న పుస్తకమునుండి తలయెత్తకయే, "ఎందుకురా, మళ్ళీ విరగ్గొడతారు. మనవాళ్ళింతే" యంటిని. వాడు తలవంచుకొని వెడలిపోయెను. మఱల ఎన్నడును ఏ పనిని గూర్చియు నన్నడుగలేదు. నేను వానికి చెప్పిన పాఠములన్నింటిలో వాడు మఱవనిది అదియే యైయుండునేమో యని యిప్పుడు నాకు వెఱపు కలుగుచున్నది.

ఐరోపాకు పోయినచో ఈ వాక్యమునకు మఱింత బలము చేకూరునని నేను తలచియుంటిని. మొదటి వారము చేకూరినది కూడ. తరువాత ఒకనాడు మేమెక్కవలసిన రైలు గంటకుపైగా ఆలస్యమయ్యెను. ప్రక్కన నిలిచియున్న వృద్ధుడొకడు తన భాషలో ఏదియో గొణిగెను. మా మేనల్లుడు నవ్వి దాని యర్థము చెప్పెను. "మన దేశంలో అంతా ఇంతే అంటున్నాడు మామయ్యా!" నా సొంత ఆస్తి యనుకొన్న వాక్యము అచ్చటను కాపురముండుట చూచి నేను కొంత చిన్నబోతిని.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరమునకు పోయితిమి. ఎండ కాసిన యొక సాయంకాలమున, ఉద్యోగములు ముగించుకొన్నవారు తమ దుస్తులను నీరుచొరని సంచులలో పెట్టి మూతి బిగించి, ఆ సంచులను పట్టుకొని రైను నదిలో దిగి, ప్రవాహముతో పాటు ఈదుకొనిపోవుచుండిరి. నీరు నిర్మలముగా నుండెను. "వీరెక్కడ, మనమెక్కడ!" యని నా నోట వచ్చినది. కాని యీ నదియే గత శతాబ్దపు నడుమ ఐరోపా మురికికాలువ యని పేరుమోసినది. 1986 నవంబరు 1వ తేదీన బాసెల్ చెంతనే రసాయనముల గిడ్డంగి యొకటి తగులబడెను. మంటలార్పిన నీటితో పురుగుమందులు నదిలో కలిసెను, నీరెఱ్ఱబాఱెను, వందల కిలోమీటర్ల పొడవున చేపలు చచ్చి తేలెను. ప్రజలు కోపించి వీధులకెక్కిరి. మఱుసటి యేడు నదీతీర దేశములు పెక్కు కలిసి శుద్ధికొఱకు ఒక కార్యక్రమమును నిర్ణయించుకొనెను. మురుగును శుద్ధిచేయు కర్మశాలలు, విషజలము నదిలో పడకుండ కట్టలు, నిత్యపరీక్షలు, వీని ఫలమే నేను చూచిన నిర్మలజలము. ఆ యీతగాండ్రలో వయసు మళ్ళినవారు ఆ యెఱ్ఱనీటిని కూడ ఎఱుగుదురు.

పారిస్ నగరపు సీన్ నది కథయు నిట్టిదే. అందు స్నానము 1923లో నిషిద్ధమయ్యెను. నూటరెండేండ్లు గడచిన పిమ్మట, సుమారు 140 కోట్ల యూరోలు వ్యయపఱచి మురుగును మఱల్చినమీదట, 2025 జూలైలో మూడు తావుల జనులకు అనుమతి లభించినది. పారిస్ ప్రజలు ఆ నూఱేండ్లు స్వభావముచేత అశుభ్రులై యుండి, 2025లో హఠాత్తుగా శుభ్రులైరని యెవడైన ననునా? మాఱినది జాతి రక్తము కాదు. కాలువలు, చట్టములు, పద్దులు మాఱినవి.

తర్కము చదివినవారికి ఇది తెలియని విషయము కాదు. పొగయున్నచోట నిప్పుండును, కాని నిప్పున్నచోటనెల్ల పొగయుండుననరాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. పొగకు నిప్పొక్కటియే చాలదు, తడికట్టె కావలెను. ఆ తడికట్టెను తార్కికులు ఉపాధి యందురు. "మనవారున్నచోట మురికియుండును" అనునది యట్టి దోషముగల యనుమానమే. మురుగు పోవుటకు దారి లేకపోవుట, చెత్తయెత్తు మనుష్యునకు తగిన జీతమును గౌరవమును లేకపోవుట, తప్పుచేసినవానిని అడుగువాడు లేకపోవుట, ఇవి యిచ్చటి తడికట్టెలు. తడికట్టెను విడిచి నిప్పును నిందించుట తప్పని పిల్లలకు బోధించిన నేనే ఆ తప్పును ఇరువదియేండ్లు చేసితిని.

"ఇదంతయు ధనముతో పని. వారికి ధనము గలదు, మనకు లేదు" అని యెవరైన ననవచ్చును. అందు కొంత సత్యము గలదు. ఆ ధనములో మనవంటి దేశములనుండి పోయిన భాగమును లేకపోలేదు. కాని ధనముతో పనిలేని విషయమొకటి చూతము. ఆ స్విట్జర్లాండులోనే 1959లో స్త్రీలకు దేశవ్యవహారములలో వోటు ఈయవచ్చునా యని పురుషులనడుగగా మువ్వురిలో ఇద్దఱు కూడదనిరి. 1971లో గాని ఆ హక్కు వారికి రాలేదు. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అను చిన్న సీమలో స్థానిక విషయములందు 1990లో ఉన్నత న్యాయస్థానము తీర్పుచెప్పువఱకును రాలేదు. అక్షరము రాని మా అమ్మమ్మ 1952లోనే వోటు వేసెను. ఇది చెప్పుట మనము గర్వించుటకు కాదు. వోటు వేసివచ్చిన ఆమె ఆనాడును అందఱును తిన్నపిదపనే వంటింటిలో తిన్నది. చెప్పదలచినదేమన, ఆ దేశపు స్త్రీలు "మా మగవారింతే" యని యూరకుండిన నేటికిని వోటు వచ్చియుండదు.

మంచి జాతి రక్తములో లేనట్లే చెడ్డయు లేదు. బెర్లినులో ఇది నాకు బోధపడినది. నేను సంస్కృతము చదివినవాడను గనుక అచ్చటి విశ్వవిద్యాలయమును చూడ ముచ్చటపడితిని. సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మను రూపములతో పోల్చి 1816లో గ్రంథము వెలయించిన ఫ్రాంజ్ బోప్ పండితుడు 1821 నుండి ఆచార్యుడుగా నుండినది అచ్చటనే. ఆ భవనమునెదుట, వీధికావల, బేబెల్‌ప్లాట్జ్ అను చౌకము గలదు. 1933 మే 10వ తేదీ రాత్రి విద్యార్థులు అచ్చట గ్రంథములను వేలకొలదిగా తెచ్చి తగులబెట్టిరి. వారిని వారించవలసిన అధ్యాపకులలో కొందఱు వారితో కలిసి నిలిచిరి. ఇప్పుడా చౌకపు నేలలో ఒక గాజుపలక పొదుగబడియున్నది. దాని క్రింద మిఖా ఉల్మాన్ అను శిల్పి 1995లో నిర్మించిన తెల్లని గది గలదు. గోడలనిండ అఱలు, ఇరువదివేల పుస్తకములకు చోటు, ఒక్క పుస్తకమును లేదు.

వంగి చూచితిని. పగటివెలుగులో ఆ గాజున మొదట కనబడినది నా ముఖము. కొంతసేపటికి గాని అఱలు కనబడలేదు. చదువుకొన్నవారిట్టిపని చేయరని నేను నమ్మియుంటిని. ఉపాధ్యాయుడను గనుక ఆ నమ్మకము నా జీవనాధారము కూడను. అది యచ్చట నిలువలేదు. "మేమట్టివారము కాము" అనునది "మనవాళ్ళింతే" యనుదానికి తోబుట్టువు. మొదటిది గర్వమునుండియు రెండవది నిరాశనుండియు పుట్టినను, రెండును మనుష్యుని మేలుకొనియుండనీయవు. ఆ దేశములో అనేక నగరముల కాలిబాటలపై, నాజీలు ఇండ్లనుండి యీడ్చుకొనిపోయినవారి పేర్లు చెక్కిన చిన్న ఇత్తడిఱాళ్ళను ఆయా యిండ్ల గుమ్మములయెదుటనే పొదిగియున్నారు. తమ వాకిట తమ తప్పును వ్రాసికొని దినదినము దానిని చూచుచు నడచువారు, "మేమట్టివారము కాము" అను మాటను ఇంచుకయైన విడువ యత్నించినవారని నాకు తోచినది.

ఇంక నా వాకిటి మాట. మా మేనల్లుడుండు ఇంట నలుగురు విద్యార్థులు కాపురము. ఇద్దఱు మన తెలుగువారే. వంటగది గోడపై ఒక కాగితము అంటించియున్నది. ఎవరి పేరునకెదురుగా ఏ వారము ఏ పనియో అందు వ్రాసియుండును. నేను దిగిన మఱునాడే మా మేనల్లుడు మొగమాటముతో, "మామయ్యా, ఇక్కడ ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి" యనెను. కడిగితిని. మొదటి దినమున చేయి జారి గిన్నె సొట్టపడెను. వారము తిరుగునప్పటికి పప్పు మాడిన గిన్నెను కూడ తోమగలిగితిని. ఆ తెలుగు పిల్లలిద్దఱును మావంటి యిండ్లలో పెరిగినవారే. ఇంట మంచినీళ్ళ గ్లాసును చేతికందిచ్చువఱకు లేవని పిల్లలు ఇచ్చట పొయ్యి తుడుచుచున్నారు.

నా భార్యయు నావలెనే ఉపాధ్యాయిని. ఉభయులము ఒకే వేళకు ఇల్లు చేరుదుము. నేను పత్రిక విప్పుదును; ఆమె వంటింటిలోనికి పోవును. "మగవారింతే లెండి" యని ఆమె యెప్పుడైన నవ్వుచు అనిన నేనును నవ్వుచుంటిని. ఆ వాక్యము నాకు క్షమాపత్రము. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడిన నోటితో, తిన్న కంచమును అక్కడనే విడిచి లేచినాను. ఇచ్చటి తడికట్టె యేదియో దాచనక్కఱలేదు: నా కంచమును కడుగుటకు వేఱొకచేయి యుండుట. దీనిని తొలగించుటకు 140 కోట్ల యూరోలు అక్కఱలేదు.

ఈ వాక్యమును విడిచినచో సంస్కరణము చల్లారదా, తప్పును తప్పనకున్న నెట్లు మాఱుదుము అని కొందఱడుగవచ్చును. తప్పును తప్పనవలసినదే. "ఈ కాలువ మూసికొనిపోయినది, దీనిని తీయవలెను" అనుట సంస్కరణము. "మనవాళ్ళింతే" యనుట తీర్పుచెప్పి న్యాయస్థానమునకు తాళమువేసి పోవుట. మొదటి మాట పలికినవాడు పార పట్టవలసివచ్చును. రెండవది పలికినవానికి పడకకుర్చీ చాలును. వినుటకు రెండును విమర్శలవలెనే యుండుటచేత మనము మోసపోవుచున్నాము.

ఇల్లు చేరినపిదప మా తల్లికి సంగతి చెప్పితిని. ఆమె వినినంతసేపు విని, "నోటితో విడిచింది లెక్కలోకి రాదు నాయనా. ఎదురుగా గుత్తివంకాయ కూర ఉన్నప్పుడు చెయ్యి చాపకుండా ఉండడం లెక్క" అనెను.

ఆమె మాట నిజము. వచ్చిన పదిదినములలో ఆ వాక్యము రెండుమాఱులు నా నాలుకవఱకు వచ్చినది. ఒకమాఱు ఆపుకొంటిని, ఒకమాఱు ఆపుకొనలేకపోతిని. కంచము మాత్రము నేనే కడుగుకొనుచున్నాను. రెండవనాడు నా భార్య చేతినుండి దానిని లాగికొనబోయెను. ఇప్పుడు లాగికొనుట లేదు. పాఠశాల తెఱచిన దినమున పోయి చూచితిని. కుళాయి యింకను కారుచునేయున్నది. ఆ బాలుడు బడి విడిచి పోయి చాల యేండ్లయినది. వాషరు ఎంత కొలత కావలెనో తెలియక, తొమ్మిదవ తరగతిలోనికి పోయి అడిగితిని. మూడు చేతులు లేచినవి.