బొమ్మ తిరిగొస్తుంది, మరి ఆట?

ఇరవై ఏళ్ల కిందట పిల్లల్ని ఊపేసిన బొమ్మ మళ్లీ అంగట్లోకి వస్తే, ముప్పై దాటిన మనిషి దాన్ని చూసి ఆగిపోతాడు. "ఇది అదే" అంటాడు. ఈ చిన్న మాట మీద మన దర్శనాల్లో పెద్ద వాదమే నడిచింది. ఒకప్పుడు చూసినదాన్ని మళ్లీ చూసి అదేనని పోల్చుకోవడాన్ని ప్రత్యభిజ్ఞ అన్నారు. అప్పుడు చూసినవాడూ ఇప్పుడు పోల్చుకున్నవాడూ ఒకడే కాకపోతే ఆ గుర్తింపు కుదరదు కనక ఆత్మ స్థిరమని నైయాయికులు వాదించారు. బౌద్ధులు ఒప్పుకోలేదు. దీపంలో జ్వాల క్షణక్షణం మారుతున్నా ఒకటే జ్వాలగా కనబడుతుంది, పోలికను చూసి ఏకత్వమని భ్రమపడుతున్నాం అన్నారు. ఆత్మ సంగతి అలా ఉంచితే, బొమ్మ విషయంలో మాత్రం బౌద్ధుల మాటే నిలుస్తుంది. 1999లో జపాన్‌లో టకారా కంపెనీ తెచ్చిన బేబ్లేడ్ బొంగరం టీవీ కార్టూన్‌తో పాటు మన పిల్లల చేతుల్లోకీ వచ్చింది. 2015లో బర్స్ట్ పేరుతో, 2023లో ఎక్స్ పేరుతో మళ్లీ దిగింది. అమరిక మారింది, తిరిగే తీరు మారింది. ఆ మాటకొస్తే మొదటి బేబ్లేడే కొత్తది కాదు, బేగోమా అనే పాత జపాన్ బొంగరానికి వారసురాలు. తాడుకు రెండు గుండ్లు కట్టి టకటకా కొట్టించే బొమ్మ 1970ల మొదట్లో ఎన్నో దేశాల్ని చుట్టి మాయమైంది. యాభై ఏళ్లకు, 2022 చివర్లో, లాటో-లాటో అన్న పేరుతో ఇండోనేసియా వీధుల్ని మోత మోగించింది. ఇన్ని రాకల్లో ఏ వస్తువూ 'అదే' కాదు. నిలిచింది ఆట ఒక్కటే. ఆట ఒకరి దగ్గర దాచుకుంటే ఉండేది కాదు. అందుకే పాత బొమ్మ మీది బెంగ దాన్ని కొనుక్కుంటే తీరదు, ఆ ఆట ఇంకొకరికి నేర్పితే తీరుతుందని నా నమ్మకం.

ఈ మాటకు సాక్ష్యం ఎక్కడో వెతకక్కర్లేదు. తమిళనాట విరుదునగర్ జిల్లాలో రాజపాళయం ఉంది. తెలుగు నేల నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడిన రాజుల ఊరు, నూలు మిల్లుల ఊరు. అక్కడికి పది పన్నెండు కిలోమీటర్లలో శ్రీవిల్లిపుత్తూరు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగువాళ్లకు చూపించిన విష్ణుచిత్తుడి ఊరు, గోదాదేవి పెరిగిన ఊరు. ఆమె తిరుప్పావైని ధనుర్మాసం పుణ్యమా అని అందరం ఎరుగుదుం. నాచ్చియార్ తిరుమొళి కూడా ఆమెదే, అందులో రెండో పదికం, అంటే రెండో పాటల గుచ్ఛం, అంతా పిచ్చుకగూళ్ల మీదే. తెల్లని సన్న ఇసుకతో వీధిలో ఆడపిల్లలు బొమ్మరిళ్లు కట్టుకున్నారు. పొద్దస్తమానం వంగి కూర్చుని నడుములు నొప్పెట్టాయి. కృష్ణుడు వచ్చి కాలితో చెరిపేస్తాడని భయం. వద్దని బతిమాలుతారు. అంతలోనే, నువ్వు చెరిపినా మా మనసు నీ మీద కరుగుతుందే గాని రోషం లేదంటారు. గమనించవలసింది ఈ రెండో మాట. బొమ్మరిల్లు పోతుందని వాళ్లకు తెలుసు. చెరిపేవాడు ఆటలో ఉన్నాడా లేడా అన్నదే వాళ్లకు పట్టింది. ఈ వేడుకోలు అక్కడితో ఆగలేదు. పిళ్లైత్తమిళ్ అనే ప్రక్రియలో మగబిడ్డను పది దశలుగా పాడతారు. ఇసుక గూళ్లు చెరపవద్దని అడగడం వాటిలో ఒక దశ. చిన్న డప్పు కొట్టడం, చిన్న రథం లాగడం దాని తరువాతివి. శతాబ్దాల పాటు కవి తరువాత కవి అదే ఆటను ఎత్తుకున్నాడు. ఆ ఇసుక గూళ్లలో ఒక్కటీ మిగల్లేదు. ఆట మాత్రం ఇంకా ఉంది.

దీనికి గట్టి అభ్యంతరం శంకరుల పేర ఉన్న భజగోవిందం నుంచే వస్తుంది. బాల్యం ఆటల మీది ఆసక్తితో గడిచిపోతుందని అది హెచ్చరిస్తుంది. బాల్యానికే అది దోషమైతే, నడివయసులో మళ్లీ బొంగరాల మీద మోజు మరింత పెద్ద బంధం కాదా? బంధమే, ఆసక్తి వస్తువుకు అంటుకుంటే. పెట్టె కూడా విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టుకుని ధర పెరిగిందా అని చూసుకునే బొమ్మ మీద ఆ హెచ్చరిక పూర్తిగా పనిచేస్తుంది. కానీ ఆటనే తప్పుపట్టడానికి వేదాంతం మనకు వీలివ్వదు. ఏ కొరతా లేని ఈశ్వరుడు ఈ సృష్టి ఎందుకు చేశాడన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాలు ఇచ్చిన జవాబు లీల. ఆ సూత్రానికి శ్రీభాష్యం రాస్తూ రామానుజులు చెప్పిన దృష్టాంతం మరీ అపురూపం: భూమినంతా ఏలే మహారాజు ఏ ఫలమూ కోరకుండా, ఊరికే, బంతాట ఆడతాడు. పరతత్త్వాన్ని వివరించడానికి ఆచార్యుడికి పిల్లల బంతి పనికొచ్చింది. కోరిక లేకపోవడం దాని గొప్ప. ఇక వ్యాపారుల మాట. ఒకనాటి పిల్లలకు ఇప్పుడు జీతాలు వస్తున్నాయి, అది కనిపెట్టే కంపెనీలు పాత బొమ్మను మళ్లీ దింపుతాయి అంటారు. నిజమే. పోటు వచ్చే కాలం వాళ్లకు తెలుసు, పోటును పుట్టించింది మాత్రం వాళ్లు కాదు. ఏ కంపెనీ పేరూ లేని బొంగరం, గచ్చకాయలు, కోతికొమ్మచ్చి ఇన్ని తరాలు ఎలా వచ్చాయో ఆ వాదం చెప్పలేదు.

తిరిగిరావడం ఎలా ఉండాలో తమిళనాట దసరా బొమ్మల కొలువు చూపిస్తుంది. ఏడాదంతా అటక మీద గుడ్డలో చుట్టి ఉన్న బొమ్మలు నవరాత్రులకు దిగుతాయి. పెళ్లిలో ఇచ్చిన మరపాచి చెక్క జంట మెట్ల మీద కూర్చుంటుంది. ముందు పప్పుదినుసులు పరుచుకుని శెట్టిగారి అంగడి. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ కలవాలన్నది ఆనవాయితీ, అంటే పాతదే శాశ్వతం అన్న పట్టుదల కొలువులో లేదు. చివరి రాత్రి ఒక బొమ్మను పడుకోబెడతారు, ఆ తరువాత అన్నీ తిరిగి పెట్టెల్లోకి. పోనివ్వడం కూడా ఆ పండగలో భాగమే. అయితే ఒక్క సంగతి నన్ను కలవరపెడుతుంది. మెట్ల పక్కన మన్ను పోసి, ఆవాలో మెంతులో మొలిపించి పార్కు కట్టడం పిల్లల పని. ఇప్పుడు చాలా ఇళ్లలో అది కూడా ఫొటోల కోసం పెద్దవాళ్లే తీర్చిదిద్దుతున్నారు. రాజపాళయంలోనైనా రాజమండ్రిలోనైనా ఈసారి కొలువు పెట్టే వారికి నా విన్నపం ఇది: ఆ మన్ను పిల్లలకు వదిలేయండి, వంకరగా వచ్చినా సరిచేయకండి. అటక మీద మీ పాత బొంగరం దొరికితే మెట్టు మీద పెట్టకండి. తాడు చుట్టడం చూపించి వాళ్ల చేతికివ్వండి.