అప్పటికప్పుడు

రాత్రి పదిన్నర దాటి, వంటింట్లో గిన్నెల చప్పుడు సద్దుమణిగాక, గిటార్ తీసి మెట్రోనోమ్ 80 మీద పెడతాను. సి సెవెన్ బీబాప్ స్కేల్ పైకి, కిందికి. తర్వాత ఆర్పెజియోలు, అంటే కార్డ్‌లో ఒకేసారి మోగే స్వరాల్ని విడదీసి ఒక్కొక్కటిగా వాయించడం. ఆపైన అవే ఇంకో ఫ్రెట్ నించి. ఆర్నెల్లుగా ఇదే వరస. మొన్నొక రాత్రి మా ఆవిడ పుస్తకంలోంచి తలెత్తి అడిగింది: "జాజ్ అంటే అప్పటికప్పుడు పుట్టేది అన్నావు కదా. అప్పటికప్పుడు పుట్టేదాన్ని రోజూ ప్రాక్టీస్ చెయ్యడమేంటి?"

నవ్వేసి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అది సంగీతానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదేమో అనిపించింది. ముందే తయారుచేసి పెట్టుకున్న మాట, నోట్లోంచి వచ్చే వేళకి నిజమైన మాటేనా?

ముందు ఈ స్కేల్ సంగతి చెప్పాలి. చిన్నప్పుడు సరళీ వరసలు, జంట వరసలు పాడినవాణ్ణి కాబట్టి నాకు అర్థమైన భాషలోనే చెప్తాను. హరికాంభోజిలో ఏడు స్వరాలు. జాజ్‌లో నాలుగు బీట్ల బార్‌లో, బీట్‌కి రెండు చొప్పున ఎనిమిది స్వరాలు పడతాయి. పై షడ్జమం నించి ఏడు స్వరాలూ వరసగా దిగితే బీట్ మీద పడేవి స, ద, మ, రి. వెనక మోగుతున్న కార్డ్‌లో ఉండేవేమో స, గ, ప, ని. అంటే చెప్పదల్చుకున్న మాట ఒకచోట, ఊనిక ఇంకోచోట. అందుకని కైశికి నిషాదం పక్కన కాకలి నిషాదాన్ని కూడా చేర్చారు. ఇప్పుడు దిగుతూ వస్తే బీట్ మీద వరసగా స, ని, ప, గ పడతాయి. మన భాషాంగ రాగాల్లో అన్యస్వరం రాగానికి కొత్త అందం తెస్తుంది. ఇక్కడ పరాయి స్వరం వచ్చింది, మిగతావాళ్ళంతా వేళకి ఇల్లు చేరడం కోసం.

ఈ లెక్క వాయిస్తూ వేసుకునేది కాదు. నిమిషానికి 200 బీట్ల వేగంలో సెకనుకి ఆరుకి పైగా స్వరాలు పోతాయి. అందుకే ముందే వేళ్ళలోకి ఎక్కాలి. చార్లీ పార్కర్ 1954లో ఒక రేడియో ఇంటర్వ్యూలో, మూడు నాలుగేళ్ళ పాటు రోజుకి 11 నించి 15 గంటలు సాధన చేశానని చెప్పాడు. ఆయన సోలోలెన్నిటినో నొటేషన్ రాసి చూసిన థామస్ ఓవెన్స్, 1974 నాటి తన సిద్ధాంత వ్యాసంలో, దాదాపు వంద చిన్న చిన్న పలుకుబళ్ళు వాటిలో మళ్ళీ మళ్ళీ వస్తాయని తేల్చాడు. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నేను మోసపోయినట్టు ఫీలయ్యాను. పిడుగు అనుకున్నది వైరింగ్ అని తెలిసినట్టు.

పోనీ, ఆ పలుకుబడి ఎవరిది అన్నదా అసలు ప్రశ్న? ఫిలడెల్ఫియా గిటారిస్టు పాట్ మార్టినోకి 1980లో మెదడుకి ఆపరేషన్ జరిగింది. కళ్ళు తెరిచేసరికి జ్ఞాపకాలు లేవు. తల్లిదండ్రుల్నే పోల్చుకోలేకపోయాడు. పాత రికార్డులు విని గిటార్ మళ్ళీ నేర్చుకున్నాడు. ఆ రికార్డుల్లో వాయించినది తనే. తన సోలోల్నే పరాయివాడి సోలోల్లా విని, తిరిగి తనవి చేసుకున్నాడు. 1987లో మళ్ళీ ఆల్బమ్ చేశాడు. 'నాది' అన్నది ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి తేలే విషయం కాదని ఆయన కథ చదివాక అనిపించింది. అయితే దేన్ని బట్టి తేలుతుంది?

నాకు దొరికిన జవాబు నన్ను సిగ్గుపడేట్టు చేసింది.

మాతో కీబోర్డ్ వాయించే స్నేహితుడి అమ్మగారు పోయిన యేడు పోయారు. వెళ్ళాను. దారి పొడుగునా ఏమనాలో వెతుక్కున్నాను. చివరికి వాడి భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండు. ఏం కావాలన్నా ఫోన్ చెయ్యి" అన్నాను. వాడు తలాడించాడు. బయటికొచ్చి, అరిగిపోయిన మాటలు వాడానే అని బాధపడ్డాను. లోపమంతా మాటల్లోనే ఉందనుకున్నాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ కలిసి వాయించడానికి కూర్చున్నాం. ఆటమ్ లీవ్స్. నా సోలో సగంలో ఉండగా కీబోర్డ్ ఆగిపోయింది. నాకు చోటిచ్చాడనుకున్నాను. ఆర్నెల్ల సాధన వేళ్ళ చివర దురదపెడుతోంది. ఆ ఖాళీనంతా నింపేశాను. ఒక్క స్వరం తప్పలేదు. ప్రతి బీట్ మీదా పడాల్సిందే పడింది. పాట అయ్యాక చూస్తే వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బాగా వాయించావురా" అన్నాడు. కాసేపాగి, "నేను ఆగింది నీకు తెలీలేదా?" అన్నాడు.

తెలీలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆవేళ వాళ్ళింట్లో చూసిన ఎదురింటి పెద్దావిడ. పొయ్యి వెలిగించని ఇంటికి అన్నం క్యారేజీ పట్టుకొచ్చింది. వాడి పక్కన కూర్చుని, "ఏమన్నా తిన్నావా నాయనా?" అంది. ఆ వయసుకి ఎన్ని ఇళ్ళలో, ఎన్నిసార్లు అని ఉంటుందో ఆ మాట. నా మాటకన్నా ఎక్కువే అరిగి ఉంటుంది. కానీ అడిగి ఊరుకోలేదు, జవాబు కోసం వాడి మొహంలోకి చూస్తూ కూర్చుంది. వాడు లేదన్నాడు. పెరుగన్నం కలిపి చేతికిచ్చింది. నేను మాత్రం నా వాక్యం సరిగ్గా పలికానా లేదా అని చూసుకుని వచ్చేశాను. ఫోన్ చెయ్యమన్నాను గానీ, ఆ రెండు నెలల్లో నేనొక్కసారీ చెయ్యలేదు.

కాబట్టి మా ఆవిడకి నేను చెప్పాల్సిన జవాబు ఇదనుకుంటాను. ప్రాక్టీస్ చేసేది అప్పుడు ఏం వాయించాలో ముందే ఖాయం చేసుకోవడానికి కాదు. వేళ్ళ గురించి బెంగ లేకపోతే చెవి ఖాళీ అవుతుంది, ఆ చెవిని పక్కవాడికి ఇవ్వొచ్చు. అయితే ఇవ్వొచ్చు అంటున్నానే గానీ ఇస్తామని కాదు. ఖాళీ అయిన చెవి తన వాయింపునే మురిసిపోతూ వినొచ్చు కూడా. ఆరోజు నాది అదే చేసింది. సాధన రెండిటికీ దారి తీస్తుంది, ఎటు పోవాలో అది చెప్పదు. కర్ణాటక సంగీతంలో ఇంప్రొవైజేషన్‌ని మనోధర్మం అంటారు. చిన్నప్పుడు అందులో 'మనో' వరకే విన్నాను కాబోలు.

ఇప్పుడు కొంచెం మార్చాను. ఒక బార్ వాయించి ఒక బార్ ఆగుతున్నాను. స్కేల్ కన్నా ఇది కష్టంగా ఉంది. ఆగిన బార్‌లోనూ ఎడమచేతి వేళ్ళు కదుల్తూనే ఉంటాయి.

పోయినవారం వాడికి ఫోన్ చేశాను. ఏమనాలో ముందే రెండుసార్లు అనుకుని మరీ చేశాను. వాడు ఎత్తగానే "తిన్నావా?" అన్నాను. ఆ పెద్దావిడ దగ్గర ఎత్తుకొచ్చిన మాటే. అటు నించి కాసేపు ఏమీ వినబడలేదు. నేను ఆగాను.